ఒక గూటికి ఒకే తల్లి పేరు: అడవి తేనెటీగల వంశాలు వెతికే పని

(ప్రసంగం రికార్డింగ్ విని, రాలేకపోయినవారి కోసం రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ మూడు సీసాలు తీసుకుని ఒకరి చేతి నుంచి ఒకరు అందించుకోండి. మూతలు మాత్రం తీయకండి, లోపల ఉన్నది స్పిరిట్. ఒక్కో సీసాలో ఒక్కో తేనెటీగ ఉంది. 1, 2, 3 అని నంబర్లు వేశాను. 1, 3 పచ్చటి ఈగలు, పొట్ట మీద పసుపు పట్టీలు కనిపిస్తాయి. 2 నల్లటిది. ఈ మూడింటిలో ఏ రెండు ఒక గూటివో చూసి మనసులో అనుకోండి. పైకి చెప్పకండి. చివర్లో నేనే చెబుతాను.

సరే. అడవి తేనెటీగ అంటే ఏది? వినడానికి చిన్న ప్రశ్నే. ఏపిస్ డోర్సాటా ఉంది, పెద్ద తుట్టెలు కట్టే కొండ తేనెటీగ. ఏపిస్ ఫ్లోరియా ఉంది, కొమ్మకి అరచేయంత పట్టు వేలాడదీసే చిన్న ఈగ. ఈ రెండిటినీ పెట్టెల్లో పెట్టి పెంచడం కుదరలేదు. ఆరుబయట పట్టు పెడతాయి, బుద్ధి పుట్టినప్పుడు లేచిపోతాయి. వీటిని అడవి ఈగలని ప్రత్యేకంగా అనక్కర్లేదు. చిక్కంతా ఐరోపా, ఆఫ్రికా వైపు ఈగ ఏపిస్ మెలిఫెరా, మన ఆసియా ఈగ ఏపిస్ సెరానాల దగ్గర వస్తుంది. ఇవి చెట్టు తొర్రలోనూ ఉంటాయి, మనిషి పెట్టెలోనూ ఉంటాయి. అడవిలో ఒక తొర్రలో గూడు కనిపించింది అనుకోండి. అది తరతరాలుగా ఆ అడవిలోనే ఉన్న వంశమా? లేకపోతే మొన్నటికి మొన్న ఎవరి పెట్టెలోంచో లేచి వచ్చి దూరిన గుంపా? కంటితో చూసి చెప్పగలరా? నేను చెప్పలేను. రెక్క మీది నరాల కోణాలు కొలిచి ఉపజాతిని గుర్తుపట్టే పాత పద్ధతి ఒకటుంది. మంచి పద్ధతే, కానీ నాలుగు రకాలు కలిసిపోయిన సంతానం దగ్గర అది తడబడుతుంది. అమెరికా ఖండాల్లో అయితే మెలిఫెరా స్థానికం కానే కాదు. 1622లో ఓడల మీద వర్జీనియాకి తెచ్చారు. ఈ రోజు అక్కడి అడవుల్లో తిరిగే మెలిఫెరా ఈగల ముత్తవ్వలందరూ ఎప్పుడో ఒకప్పుడు పెట్టెల్లోంచి పారిపోయినవాళ్ళే.

కాబట్టి మనకి ఒక గుర్తు కావాలి. తరం మారినా చెరగని గుర్తు, నలుగురి రక్తం కలిసినా కలగాపులగం కాని గుర్తు.

ఇక్కడే మైటోకాండ్రియా వస్తుంది, కణానికి శక్తిని తయారు చేసి పెట్టే చిన్న భాగం. కణంలో డీఎన్ఏ రెండు చోట్ల ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నారు కదా? కేంద్రకంలో ఉన్నది పెద్ద పుస్తకం. మెలిఫెరా విషయంలో ఇరవై మూడు కోట్ల పైచిలుకు అక్షరాలు. 2006లో దాన్ని అచ్చు వేశారు. మైటోకాండ్రియాలో ఉన్నది చిన్న చీటీ. అక్షరాలు 16,343. ఇటలీ ఈగ నుంచి తీసిన ఈ చీటీని పూర్తిగా చదివి 1993లో ప్రచురించినవాళ్ళు క్రోజియర్ దంపతులు. మన ఒంట్లో ఉన్న చీటీ 16,569 అక్షరాలది, అంటే ఈగకీ మనకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. జన్యువులు కూడా అవే 37. అందులో 13 ప్రోటీన్లకి, మిగతావి ఆ ప్రోటీన్లు తయారు చేసే సరంజామాకి.

చీటీ చిన్నదని కాదు దాని గొప్ప. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తండ్రి వైపు నుంచి రాదు, కాబట్టి రెండు చీటీలు కలిసి అతుకులు పడే ప్రశ్నే లేదు. తల్లి దగ్గర ఉన్నది ఉన్నట్టు కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. మధ్యలో ఎప్పుడైనా ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పు కూడా అలాగే దిగుతుంది. మన ఇళ్ళలో ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది కదా, దాన్ని తిరగేసుకోండి. ఇది తల్లి వైపు ఇంటిపేరు. ఇంటిపేరు చూసి మనిషి మంచివాడో చెడ్డవాడో చెప్పలేం. ఏ ఇంటివాడో చెప్పగలం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు తేనెటీగల్లో ఉన్న తమాషా చూడండి. ఒక గూటిలో ఎన్ని ఈగలుంటాయి? ఇరవై వేలు, ముప్పై వేలు, అంతకంటే ఎక్కువ కూడా. అన్నిటికీ తల్లి ఒక్కతే, రాణి ఈగ. అంటే ముప్పై వేల ఈగలున్నా మైటోకాండ్రియా లెక్కలో అవి ఎన్ని? ఒకటి. ఒకే ఒక్కటి. మరి తండ్రులు? రాణి గాలిలో ఎగురుతూ పది, పదిహేను, ఇరవై పోతుటీగలతో కలుస్తుంది, ఆ వీర్యాన్ని జీవితాంతం దాచుకుని వాడుకుంటుంది. కూలి ఈగలందరూ అక్కచెల్లెళ్ళే, కానీ చాలామందికి తండ్రులు వేరు. ఒకే గూడు, ఒకే తల్లి, పదిహేను మంది తండ్రులు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యంలోంచే వస్తుంది.

గూడు నిండి గుంపు విడిపోయేటప్పుడు ఏమవుతుంది? పాత రాణి సగం పైగా ఈగల్ని వెంటేసుకుని బయటికి పోతుంది. పుట్టిల్లు కూతురికి వదిలేస్తుంది. తల్లి కొత్త చోట గూడు పెట్టినా, కూతురు పాత చోట ఉన్నా, రెండు గూళ్ళకీ ఒకే చీటీ. లేచిన గుంపు మామూలుగా మరీ దూరం పోదు. అందుకని అడవిలో పక్కపక్క గూళ్ళు తరచుగా ఒకే తల్లి వంశానివి అవుతాయి. పోతుటీగల సంగతి వేరు, అవి నాలుగు గూళ్ళ జన్యువుల్ని తీసుకెళ్ళి నాలుగు దిక్కులా పంచుతాయి. కేంద్రకం డీఎన్ఏ చూస్తే అడవంతా ఒకే ఊరిలా కలిసిపోయి కనిపిస్తుంది. మైటోకాండ్రియా చూస్తే వీధులూ వాడలూ విడివిడిగా కనిపిస్తాయి.

నమూనాలు సేకరించడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నేను బోర్లా పడ్డాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పూల చెట్టు కింద నిలబడి, రెండు రోజుల పాటు వల విసిరి 60 ఈగల్ని పట్టాను. పొంగిపోయాను, 60 నమూనాలు! డీఎన్ఏ తీసి చదివించాను. 60కి 60 ఒకటే చీటీ. ఇంకేముంది, ఈ అడవిలో వైవిధ్యమే లేదు, ప్రమాదం ముంచుకొస్తోందని పేజీన్నర రాసేశాను కూడా. తీరా చూస్తే ఆ చెట్టుకి కాస్త దూరంలో ఒక పెద్ద గూడు ఉంది. 60 మందీ ఆ ఇంటి ఆడపిల్లలే. నేను తీసుకున్నది 60 నమూనాలు కాదు, ఒకే నమూనాని 60 సార్లు. నవ్వండి, పర్వాలేదు. అచ్చయిన వ్యాసాల్లో కూడా ఈ తప్పు నాకు కనిపిస్తూనే ఉంటుంది.

అందుకని లెక్క గూటికి ఒకటి. గూడు దొరికితే లోపలి నుంచి ప్యూపా ఒకటి తీసుకోవడం అన్నిటికంటే మంచిది. ఎందుకంటారా? వాకిట్లో తిరిగే ఈగ దారి తప్పి వచ్చిన పక్కింటిది కావచ్చు. గదిలో మూత వేసి ఉన్న పిల్ల మాత్రం ఆ ఇంటిదే. గూళ్ళు దొరకని చోట ఇంకో ఉపాయం ఉంది. మధ్యాహ్నం పూట పోతుటీగలు గాలిలో ఒక చోట గుమిగూడతాయి, రాణుల కోసం. బెలూన్‌కి వల కట్టి, రాణి వాసన లాంటి రసాయనం పూసి పైకి వదిలితే తోకచుక్కలా వెంటపడతాయి. చుట్టుపక్కల ఎన్నో గూళ్ళ మగపిల్లలు ఒక్క వలలో! పోతుటీగ ఫలదీకరణం కాని గుడ్డు నుంచి పుడుతుంది. దానికి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. కేంద్రకమూ తల్లిదే, చీటీ కూడా తల్లిదే. ఆ తల్లులు ఎంతమందో లెక్క కట్టడానికి ఇంతకంటే సులువైన జీవి ఉందా?

ఇప్పుడు ప్రయోగశాలలోకి వద్దాం. ఈగ ఒక్క కాలు చాలు. రొమ్ము భాగం అయితే ఇంకా మేలు, రెక్కలాడించే కండరాలు అక్కడే కదా, అవి మైటోకాండ్రియాతో కిటకిటలాడుతుంటాయి. పూర్వం మొత్తం చీటీ చదివేంత స్తోమత ఉండేది కాదు. ఒక ముక్క చూసేవారు. ఏ ముక్క? సీఓ వన్, సీఓ టూ అనే రెండు జన్యువుల మధ్య ఉన్న ఖాళీ స్థలం. మెలిఫెరాలో ఈ ఖాళీ స్థలం ఒక వింత. అందులో ‘క్యూ’ అనే తునక ఉంటుంది, దాదాపు 200 అక్షరాలు. కొన్ని వంశాల్లో ఒక క్యూ, కొన్నిటిలో రెండు, మూడు, ఇంకా పైన. దాని ముందు ‘పీ’ అనే చిన్న తునక కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఈ స్థలాన్ని పీసీఆర్‌తో, అంటే ఒక ముక్కకి లక్షల నకళ్ళు తీసే పద్ధతితో పెంచి, ముక్కల్ని పొడవుని బట్టి వేరు చేసే జెల్ మీద పరిగెత్తిస్తే క్యూలు ఎన్నో మెట్లు లెక్కపెట్టినట్టు కనిపిస్తుంది. తర్వాత డ్రా వన్ అనే ఎంజైమ్ వేస్తారు. డీఎన్ఏ అక్షరాలు ఏ, టి, జి, సి అని నాలుగే కదా, వాటిలో టిటిటిఏఏఏ అని ఎక్కడ కనిపిస్తే అక్కడ కోసేస్తుంది అది. ఆ ముక్కల పొడవులు చూసి వంశం చెప్పేస్తారు. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో గార్నరీ, కార్న్యుయే, సోలిగ్నాక్ బృందం తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పటికీ చవగ్గా, త్వరగా పని జరగాలంటే ఇదే.

దీన్ని బట్టి మెలిఫెరాని పెద్ద వంశాలుగా విడదీశారు. ఏ అంటే ఆఫ్రికా. ఎం అంటే పశ్చిమ, ఉత్తర ఐరోపాలోని నల్ల ఈగలు. సి అంటే ఇటలీ, కార్నియోలా (ఇప్పటి స్లోవేనియా) వైపు ఈగలు. ఓ అంటే పశ్చిమాసియా వైపువి. సి వంశానికి పీ తునక లేదు, క్యూ ఒక్కటే. ఎం వంశానికి పీ ఉంది. ఈ సంగతి కూడా జేబులో వేసుకోండి, సీసాల దగ్గర పనికొస్తుంది.

మరి ముక్కతో పని అయిపోతుంటే మొత్తం చీటీ ఎందుకు? మంచి ప్రశ్న. ఇందాక బయట ఒకరు నన్ను ఇదే అడిగారు. ముక్క మీకు వంశం పేరు చెబుతుంది, అంతే. ఒకే వంశంలో రెండు అడవుల ఈగల్ని విడదీయాలంటే దాని దగ్గర అక్షరాలు సరిపోవు. జాతుల్ని గుర్తించే బార్‌కోడ్ ముక్క 658 అక్షరాలది. అందులో అచ్చు ఒకేలా ఉన్న రెండు గూళ్ళు, మిగతా పదిహేను వేల పై చిలుకు అక్షరాల్లో నాలుగైదు చోట్ల తేడాగా ఉండొచ్చు. ఆ నాలుగైదు అక్షరాలే చెబుతాయి ఈ ఇద్దరి తల్లి వంశాలు ఎప్పుడు విడిపోయాయో. సగం చిరునామాతో ఇల్లు వెతకడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా.

పైగా ఇప్పుడు పూర్తి చీటీ చదవడం పెద్ద కష్టమేం కాదు. కణానికి కేంద్రకం ఒకటే, మైటోకాండ్రియా చీటీ ప్రతులు మాత్రం వందలు, వేలు. ఈగ డీఎన్ఏ మొత్తాన్నీ పొట్టి పొట్టి ముక్కలుగా పైపైన చదివించినా, చీటీ ముక్కలు కుప్పతెప్పలుగా వస్తాయి. వాటిని కుట్టుకుంటూ పోవడమే. మ్యూజియంలో సూది గుచ్చి పెట్టిన పాత ఈగలు కూడా పనికొస్తాయి. వాటి డీఎన్ఏ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది, అయితే ఏం? మన యంత్రం చదివేదే పొట్టి ముక్కల్ని.

కష్టం ఉన్నది వేరే చోట. తేనెటీగ చీటీలో నూటికి దాదాపు 85 అక్షరాలు ఏ, టి లే. జి, సి లు పులుసులో ముక్కల్లా అక్కడొకటి, అక్కడొకటి. నియంత్రణ భాగం అని ఒకటుంది, అక్కడ అయితే నూటికి 96 ఏ, టి. ఏఏటిటిఏటిఏ అని చదువుకుంటూ పోతుంటే ఏది ఎక్కడ అతకాలో కంప్యూటర్‌కి కూడా తల తిరుగుతుంది. చాలామంది ఆ భాగాన్ని పోలికల్లోంచి తీసేస్తారు. నేనూ తీసేస్తాను. నమ్మకం లేని అక్షరాలు పది ఉంచుకోవడం కంటే నమ్మకమైనవి రెండు చాలు.

ఇంకో ఉచ్చు ఉంది, అది మరీ ప్రమాదం. లక్షల ఏళ్ళలో మైటోకాండ్రియా చీటీ ముక్కలు అప్పుడప్పుడు కేంద్రకంలోకి జారిపడి అక్కడ అతుక్కుపోతాయి. న్యూమ్ట్‌లు అంటారు వాటిని. తేనెటీగ కేంద్రకంలో ఇవి అసాధారణంగా ఎక్కువని 2007లో తేలింది. మీరు అసలు చీటీని పెంచుతున్నాను అనుకుని ఈ నకలుని పెంచేస్తారు. నాకు అదే జరిగింది. ఒక నమూనాలో సీఓ వన్ జన్యువు మధ్యలో ఒక అక్షరం లేదు. లేకపోవడంతో ఆ తర్వాత చదువు మొత్తం పక్కకి జరిగి, నడిమధ్యలో ‘ఆపు’ అనే సంకేతం పడింది. కొత్త వంశం దొరికిందని నాకు ఒకటే ఉత్సాహం. రెండు వారాలు నిద్ర లేదు. అప్పుడు మా సీనియర్ ఒకాయన వచ్చి తెర మీద చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “ఈ ఈగ ఎగిరిందా?” ఎగిరిందండీ, నేనే పట్టాను అన్నాను. “సీఓ వన్ లేకుండా ఎలా ఎగిరింది?” అన్నారు. అంతే. ఆక్సిజన్ వాడుకునే ప్రోటీన్ అది. అది సగంలో తెగిపోతే ఎగరడం కాదు, పుట్టడమే ఉండదు. నేను చదివింది బతికున్న జన్యువుని కాదు, కేంద్రకంలో పడి ఉన్న దాని శవాన్ని. అప్పటి నుంచి ప్రతి వరుసనీ ప్రోటీన్‌గా మార్చి చూడందే ముందుకి పోను.

సరే, చీటీలు వచ్చాయి. ఇప్పుడు వైవిధ్యం ఎంతో కొలవాలి. ఒకేలా ఉన్న చీటీలన్నిటినీ ఒక రకం కింద కడతాం, దాన్ని హాప్లోటైప్ అంటాం. రకాలు ఎన్నో లెక్కపెడితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. చిన్న లెక్క చేద్దాం, కాగితం ఉన్నవాళ్ళు తీయండి.

రెండు అడవులు. ఒక్కో అడవిలో 20 గూళ్ళు. మొదటి అడవిలో రెండు రకాలు, చెరి 10 గూళ్ళు. రెండో అడవిలో మూడు రకాలు, కానీ ఒక రకానికి 18 గూళ్ళు, మిగతా రెండిటికీ ఒక్కొక్కటి. దేంట్లో వైవిధ్యం ఎక్కువ? మూడు రకాలున్న రెండోదాంట్లో అనేవాళ్ళు చేతులెత్తండి. సరే. ఇప్పుడు 20 గూళ్ళలోంచి ఏవైనా రెండు తీసుకుంటే ఎన్ని జతలు వస్తాయి? 190. మొదటి అడవిలో ఆ 190 జతల్లో వేరు వేరు రకాలు తగిలేవి పది ఇంటూ పది, 100. అంటే 0.53 దాకా. రెండో అడవిలో? 18, ఇంకో 18, ఆ ఒంటరి గూళ్ళు రెండిటి జత ఒకటి. 37. అంటే 0.19 మాత్రమే. రకం ఒకటి ఎక్కువున్నా వైవిధ్యం సగానికి సగం కంటే తక్కువ. కళ్ళు మూసుకుని రెండు గూళ్ళు తీస్తే అవి వేరు రకాలయ్యే అవకాశం ఎంత? హాప్లోటైప్ వైవిధ్యం అంటే ఇదే, వేరే మంత్రమేం లేదు. ఆ రెండు చీటీల మధ్య సగటున ఎన్ని అక్షరాల తేడా అనేది ఇంకో కొలత. రెండూ కలిపి చూడాలి. దగ్గరి దగ్గరి రకాలు పది ఉండటం వేరు, ఎడం ఎడంగా ఉన్న రకాలు రెండు ఉండటం వేరు.

ఇలాంటి ఎడం ఉన్నప్పుడు జాతి సరిహద్దులే కదులుతాయి. దక్షిణ భారతంలో సెరానా ఈగల్లో కొండల్లో నల్లవి, మైదానాల్లో పచ్చవి అని పెంపకందార్లు ఎప్పటి నుంచో వేరు చేసి చెబుతున్నారు. డెబోరా స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం మైటోకాండ్రియా చూస్తే ఆ రెండిటికీ నిజంగానే చాలా దూరం అని తేలింది. ఒక జాతా, రెండా అనే వాదన ఇంకా నడుస్తోంది. ఇక్కడ రంగు నిజం చెప్పింది. అన్ని చోట్లా చెబుతుందని అనుకోకండి. సీసాలు ఎక్కడి దాకా వచ్చాయి? వెనక వరసకి వెళ్ళాయా? మంచిది.

ఈ తల్లి పేరు వాడి తీర్చిన గొడవ ఒకటి చెబుతాను. 1956లో వార్విక్ కెర్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికా రాణుల్ని బ్రెజిల్‌కి తెచ్చారు, వేడి ప్రాంతానికి సరిపోయే ఈగని తయారు చేద్దామని. మరుసటి ఏడాది 26 గుంపులు తప్పించుకుపోయాయి. తర్వాత కథ మీకు తెలిసిందే, ముప్పై మూడేళ్ళలో టెక్సాస్ చేరాయి. తొందరగా కోపం వచ్చి కుట్టే ఈగలవి, పత్రికలు వాటికి పెట్టిన పేరు నేను ఇక్కడ అనను. ప్రశ్న ఏమిటంటే, అవి ఎలా వ్యాపించాయి? రెండు దారులున్నాయి. ఒకటి, ఆఫ్రికా పోతుటీగలు దారిలో ఉన్న ఐరోపా రాణులతో కలుస్తూ, పెట్టెల్లోని ఈగల్నే తరం తరానికీ మార్చుకుంటూ పోయాయి. రెండు, ఆఫ్రికా రాణులే గుంపులుగా లేచి, గూడు తర్వాత గూడు పెట్టుకుంటూ నడిచి వచ్చాయి. కోపం, కొలతలు, రెక్కలు చూస్తే రెండు దారుల్లోనూ ఫలితం ఒకేలా కనిపిస్తుంది. మైటోకాండ్రియాలో మాత్రం కనిపించదు. మొదటి దారి నిజమైతే అడవి గూళ్ళలో ఐరోపా తల్లి పేరు ఉండాలి. రెండోది నిజమైతే ఆఫ్రికా తల్లి పేరు ఉండాలి. 1989లో రెండు బృందాలు నేచర్ పత్రిక ఒకే సంచికలో జవాబు ఇచ్చాయి. అడవి గూళ్ళలో ఉన్నది ఆఫ్రికా తల్లి పేరే. వేల కిలోమీటర్లు నడిచింది ఆ అమ్మలే. తండ్రుల వైపు ఐరోపా రక్తం కొంత కలిసింది, అది తర్వాత కేంద్రకం డీఎన్ఏ చెప్పింది. నడిచిందెవరో మాత్రం ఈ చీటీ చెప్పింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. ఇది కాస్త నిదానంగా చెబుతాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా దగ్గర అడవుల్లో తొర్రల్లో బతికే మెలిఫెరా ఈగలున్నాయి. థామస్ సీలీ అనే ఆయన 1970ల నుంచి వాటిని చూస్తున్నారు. 1990ల మధ్యలో అక్కడికి వరోవా నల్లి చేరింది. తేనెటీగ ఒంటికి పట్టి పిల్లల్ని పీల్చేసే నల్లి, వైరస్‌లని మోసేది. అడవి ఈగలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని అందరూ అనుకున్నారు. సీలీ మళ్ళీ వెళ్ళి గూళ్ళు లెక్కపెట్టారు. పూర్వం ఎన్ని ఉండేవో దాదాపు అన్నే ఉన్నాయి! అంటే ఏమీ జరగలేదా? నల్లి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయిందా?

అదృష్టవశాత్తు 1977లో అక్కడ పట్టిన ఈగలు మ్యూజియం పెట్టెలో సూదులకి గుచ్చి భద్రంగా ఉన్నాయి. 2010లో కొత్తవి పట్టారు. మిఖేయెవ్, సీలీ, వాళ్ళ తోటివాళ్ళు రెండు కాలాల ఈగల జన్యుసంపుటాల్ని మొత్తం చదివి 2015లో ప్రచురించారు. మైటోకాండ్రియాలో ఏం కనిపించింది? పాత తల్లి వంశాల్లో చాలా భాగం మాయమైపోయింది. గూళ్ళ సంఖ్య మారలేదు సరే, ఇళ్ళలో ఉన్నవాళ్ళు మారిపోయారు. మధ్యలో ఎప్పుడో ఘోరమైన చావు వచ్చి, మిగిలిన కొద్ది వంశాలే మళ్ళీ అడవంతా నిండాయి. గూళ్ళు లెక్కపెట్టిన మనిషికి కనిపించని మారణకాండ ఈ పదహారు వేల అక్షరాల్లో దొరికింది.

మరి కేంద్రకంలో? అక్కడ వైవిధ్యం తగ్గలేదు. ఇది ఎలా సాధ్యం? ఆలోచించండి, జవాబు మీ దగ్గరే ఉంది. ఒకే గూడు, ఒకే తల్లి, పదిహేను మంది తండ్రులు. ఒక గూడు చచ్చిపోతే ఒక తల్లి పేరు పోతుంది. కానీ ఒక గూడు బతికితే ఒక తల్లి పేరుతో పాటు పదిహేను మంది తండ్రుల జన్యువులు కూడా బతుకుతాయి. ఆ తండ్రులు ఎవరు? చచ్చిపోయిన పక్క గూళ్ళ కొడుకులు. పోయిన ఇళ్ళ సొమ్ము మిగిలిన ఇంటి పెట్టెలో దాగి ఉంది. మైటోకాండ్రియా ఒక్కటే చూసి ఉంటే ఈ ఈగల పని అయిపోయింది అనేవాళ్ళం. కేంద్రకం ఒక్కటే చూసి ఉంటే అసలు విపత్తే రాలేదనేవాళ్ళం. అందుకే మొదట్లో అన్నాను, ఇంటిపేరు ఇంటిపేరే. ఎన్ని ఇళ్ళు మిగిలాయో చెబుతుంది, ఆ ఇళ్ళలో ధాన్యం ఎంతుందో చెప్పదు.

దీనికి ఇంకో వైపు నుంచి సాక్ష్యం కావాలంటే ఆస్ట్రేలియా చూడండి. 2007లో కెయిర్న్స్ రేవు దగ్గర ఆసియా ఈగ సెరానా కనిపించింది. ఓడలో ఎక్కి వచ్చిన ఒక్క గుంపు సంతానమే అంటారు. ఒక్క గుంపు అంటే ఎన్ని తల్లి పేర్లు? ఒకటి. మైటోకాండ్రియా వైవిధ్యం సున్నా. పుస్తకం ప్రకారం అది అంతరించిపోవాలి. తేనెటీగల్లో లింగాన్ని నిర్ణయించే జన్యువు ఒకటుంది, దాని రెండు ప్రతులూ ఒకేలా పడితే ఆడపిల్ల పుట్టాల్సిన గుడ్డులోంచి పనికిరాని మగపిల్ల పుడుతుంది, కూలి ఈగలు దాన్ని తినేస్తాయి. రకాలు తగ్గిన కొద్దీ గూటిలో సగం పిల్లలు ఇలాగే పోతారు. అయినా ఆ ఈగలు చక్కగా విస్తరించాయి. తండ్రుల ద్వారా వచ్చిన లింగ జన్యువు రకాలు కొన్ని వాళ్ళ దగ్గర ఉన్నాయి, అరుదైన వాటికి ప్రతి తరంలోనూ మొగ్గు దొరికింది. ఈ కథలో ఒక్క ముక్క కూడా మైటోకాండ్రియాలో కనిపించదు.

గూటికి ఒకే తల్లి అని ఇందాకటి నుంచి అంటున్నాను, దానికి ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. దక్షిణాఫ్రికా కొసన కేప్ ఈగ అని ఉంది. దాని కూలి ఈగలు మగవాడి అవసరం లేకుండానే ఆడపిల్లల్ని కంటాయి. 1990 ప్రాంతంలో ఆ ఈగల్ని ఉత్తరానికి తీసుకెళ్తే, ఒకే ఒక్క కూలి ఈగ సంతానం పక్క ఉపజాతి గూళ్ళలో దూరి, గుడ్లు పెట్టి, గూటి తర్వాత గూటిని కూల్చేసింది. అలాంటి చోట వాకిట్లో ఒక ఈగని పట్టి ఇదే ఈ ఇంటి పేరు అని రాసుకుంటే మోసపోతారు. దొంగ పేరు రాసుకున్నట్టే.

సీసాలు తిరిగి వచ్చాయా? ఇటివ్వండి. 1, 3 అక్కచెల్లెళ్ళు అనుకున్నవాళ్ళు ఎంతమంది? అబ్బో, దాదాపు అందరూ. రెండూ పచ్చగా ఉన్నాయి, ఎవరైనా అలాగే అనుకుంటారు. 1, 2 ఒకే గూటివి. ఒకే తొర్రలోంచి, ఒకే రోజు, మూత వేసిన పక్కపక్క గదుల్లోంచి నేనే తీశాను. బయటికి వచ్చి రంగు తేలాక స్పిరిట్‌లో వేశాను. పీ తునక రెండిటికీ లేదు, సి వంశం, చీటీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకటే. ఒకదాని తండ్రి పచ్చటివాడు, రెండోదాని తండ్రి నల్లటివాడు, అంతే తేడా. 3 ఎవరని కదా? అది ఆ తొర్రకి నాలుగు చెట్ల అవతల గూటిది. పీ ఉంది, రెండు క్యూలున్నాయి. ఎం వంశం. ఆ నల్ల ఈగల తల్లి పేరుని ఈ పచ్చటి పిల్ల మోస్తోంది.